మైలురాళ్ల మీద రాసిన పేరు

సునీత అడిగింది

మా తమ్ముని బిడ్డె సునీత మహబూబ్‌నగర్‌ల సొంతంగ ఒక పని పెట్టుకుంది. చిన్న చిన్న దుకానాలోళ్లు ఆమె దగ్గరికి వస్తరు. ఎవరన్న ఫోన్ల "దగ్గర్ల టైలర్" అనో "ఫ్రిజ్ రిపేర్" అనో ఎతికితే ఆ దుకానం పేరు మీదికి వచ్చేటట్టు చేసుడు ఈమె పని. దానికేందో మూడక్షరాల ఇంగ్లీషు పేరున్నది, నా నోటికి తిరుగది. మొన్న ఇంటికొచ్చి నా ముందల కూసొని మొకం ముడుచుకుంది.

"పెదబాపూ, నేను పోకముందే ఎవడో ఒకడు వాళ్లకు ఫోన్ జేస్తడు. వారంల మీ పేరే ఫస్టు, గ్యారంటీ అంటడు. వాన్నే నమ్ముతరు. నేను నిజం చెప్తే, నీకు పని రాదేమో అన్నట్టు సూస్తరు. ఎవర్ని నమ్మాలె, ఎవర్ని నమ్మొద్దు అనేది జనానికి ఎట్ల చెప్పాలె?"

నాకు నవ్వొచ్చింది. నేను ముప్పై ఏండ్లు చేసింది గదే పని. అప్పుడు ఫోన్లు లేకుండె, గోడలుండె. నా పేరు దేవదానం. మాది నల్లగొండ జిల్లా కేతేపల్లి. మా నాయిన ఒకరి పొలంల కూలి చేసేది. నాకు చర్చి గోడ మీద వాక్యాలు రాసుకుంట చెయ్యి కుదిరింది. నల్లగొండల పని నేర్చుకున్న, పాలమూరుల, అంటే గీ మహబూబ్‌నగర్‌లనే, బతికిన. జనం నడిచే తొవ్వల దుకానం పేరు పెట్టుడు నా వృత్తి.

సునీతకు చెప్పిందే ఇక్కడ రాస్తున్న. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ సంఘంల నాకేం పదవి ఇచ్చిన్రు, అవేమీ రాయ. అవి ఎవరికీ అక్కర లేదు, నాకే సరిగ యాదికి లేవు. నన్ను తల దించుకునేటట్టు చేసిన పనులు మాత్రం మంచిగ యాదికున్నయి. పని నేర్పింది గూడ అవే.

గోడ కాగితం

నల్లగొండల నేను పని నేర్చుకునే దినాలల్ల ఒక చెప్పుల దుకానపాయన ఉండె. బస్సులు మలిగే మూల మీద ఒక పెద్ద గోడ ఉంటే, దాని మీద ఆయన పేరు నేనే రాసిన. రెండేండ్లల్ల జనం ఆ మూలను "చెప్పుల గోడ" అనుడు మొదలువెట్టిన్రు. అంత మంచిగ కుదిరింది. తర్వాత ఆయనకూ మా పబ్లిసిటీ మేస్త్రికీ మాట మాట పెరిగింది. మేస్త్రి తెల్లారి నన్ను పిలిచి, గా పేరు చెరిపి ఎదురు దుకానం పేరు రాయమన్నడు.

గోడ యజమానితోని రాసుకున్న కాగితం మేస్త్రి పేరు మీద ఉండె. చెప్పులాయన ఎన్నడూ ఆ కాగితం సూడలే, అడుగలే. నేను నిచ్చెన ఎక్కి ఆయన పేరు మీద సున్నం కొడుతుంటే ఆయన కింద నిలవడి సూసుకుంట ఉన్నడు. నన్నొక్క మాట అనలే. అంటే బాగుండు అనిపించింది.

అందుకే మొదటి మాట. మీ కోసం ఎవడన్న జాగా తీసుకుంటే కాగితం ఎవరి పేరు మీదున్నదో సూడున్రి. సునీత పనిల గూడ గట్లనే ఉంటదంట. దుకానం మీది, తాళం చెయ్యి ఇంకొకని దగ్గర. లొల్లి అయిన నాడు గని సంగతి తెల్వదు.

సేటు గ్యారంటీ

ఇగ అసలు ముచ్చటకు వస్త. ఎనభైల చివర్ల నేను పాలమూరుల ఒక పబ్లిసిటీ సేటు దగ్గర పనిచేస్తున్న. గోడలు, బట్ట బ్యానర్లు, సిన్మ హాల్ల స్లైడ్లు, అన్నీ పట్టుకునేది. తెల్ల బట్టలు, జేబుల రెండు పెన్నులు, మంచి మాటకారి. గ్యారంటీ అన్న మాట లేకుండ ఆయన నోరు తెరిచిందే లేదు.

ఒకనాడు మక్తల్ కెల్లి ఒకామె వచ్చింది. పేరు హఫీజా బీ. నేను ఆపా అనేది, అక్కా అన్నట్టు. వాళ్లది కాలిపోయిన మోటర్లకు కొత్త రాగితీగ చుట్టే దుకానం, పేరు రాయల్ ఎలక్ట్రికల్స్. ఆమె పెనిమిటి ఖాదర్ భాయ్ పెట్టింది. ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినంక, ఆయన చెప్పుకుంట పోతే ఆమె చేసుకుంట పోయి పనంత నేర్చుకుంది. ఆయన ముందల కుర్చీల కూసొని గిరాకీతోని మాట్లాడుతడు. ఆమె లోపల తీగ చుడుతది.

దుకానం పాత బస్టాండు ఎనుక గల్లీల ఉండె. బస్సు దిగి నాలుగడుగులేస్తే అదే. ఆ ఏడు బస్టాండును ఊరవతలికి మార్చిన్రు. అంతే, గిరాకి ఆగిపోయింది. దుకానం ఉన్న జాగాలనే ఉన్నది, జనం తొవ్వ మారింది. సునీత ఇది విని నెత్తి ఊపింది. ఆమె పనిల గూడ ఒక్కోపారి తొవ్వ మారుతదంట, నిన్నటిదాక మీదున్న పేరు తెల్లారేసరికి అడుగుకు పోతదంట.

ఆపా సేటుకు సాఫ్‌గ చెప్పింది. "మోటర్లు కాలేది ఎండకాలమే. గీ సీజన్ గూడ ఇట్లనే పోతే దుకానం ఎత్తేసి రాయచూరుల మా అన్న ఇంటికి పోవాలె. ఆడ తిండికి తక్కువ లేదు. కని చేతులు కట్టుకొని కూసోవాలె. గది నాతోని కాదు."

"ఫికర్ చెయ్యకు బీ. నెల దినాలల్ల మక్తల్ సడక్ మీద నీ పేరు తప్ప ఇంకో పేరు కనవడదు. గ్యారంటీ."

"యాడ రాస్తరు?"

"గది మా మీద ఇడిసిపెట్టు."

ఆ మాట విన్నప్పుడే ఆమె లేచి పోవాల్సింది. ఏం చేస్తవని అడిగితే మా మీద ఇడిసిపెట్టు అనేటోని దగ్గర ఒక్క నిమిషం గూడ కూసోవద్దు. కని ఆమెకు వేరే దిక్కు లేకుండె. నేను పక్కకే నిలవడి ఉన్న, నా నోట్ల నాలుక లేనట్టే.

నువ్వేమన్న ఊరివా?

గోడలకైతే కిరాయి గట్టాలె, అడుగాలె, బతిమిలాడాలె. సేటు ఆలోచన వేరే. సడక్ పక్కపొంటి సర్కారు నాటిన మైలురాళ్లున్నయి గదా, వాటి మీద రాయమన్నడు.

"సేటూ, అవి సర్కారువి గదా" అన్న.

"సర్కారు సూడదు. జనం సూస్తరు. నువ్వు రాయి."

రాసిన. నిజం చెప్పాలంటే సంబరంగనే రాసిన. నీలి రంగు మీద పసుపు అక్షరాలు, ఎర్ర నీడ. ఒక్కొక్క రాయి పెండ్లిపీట లెక్క మెరిసేది. సైకిల్ మీద పోయి వచ్చేటప్పుడు నా అక్షరాలను నేనే మలిగి మలిగి సూసుకున్న. ఊరి పేరు, దూరం, అన్నీ నా నీలి రంగు కింద పోయినయి. రాయి మీద రాసింది చదివేటోడు ఒకడుంటడని నాకు తట్టలే.

ఆపా దుకానంకు ఒక్క గిరాకి రాలే. రాయల్ ఎలక్ట్రికల్స్ అంటే బల్బులమ్మేదో, రేడియోలు బాగుచేసేదో ఎవరికి తెలుసు? పేరు వందసార్లు కనవడుడు వేరే, అక్కరున్నోడు గడప తొక్కుడు వేరే. ఈ తేడా తెల్వనోళ్లు ఇప్పుడు గూడ ఉన్నరని సునీత చెప్పింది.

అదే వారంల చెన్నప్ప అనే రైతు బిడ్డె పెండ్లి. వాళ్లది మక్తల్ సడక్ కెల్లి లోపలికి మలిగితే వచ్చే పల్లె. పిల్లగాని దిక్కోళ్లు దూరం కెల్లి లారీల వస్తున్నరు. డ్రైవర్‌కు చెన్నప్ప చెప్పిన గుర్తు ఒక్కటే, "మక్తల్ ఆరు అని రాసున్న రాయి కాడ ఎడమకు మలుగు" అని. డ్రైవర్‌కు తొవ్వ పొడుగూతా రాయల్ ఎలక్ట్రికల్సే కనవడింది. లారీ ఏదో ఒక రాయి కాడ మలిగి ఇంకో ఊరికి పోయింది. ఆ ఊర్ల ఆ దినం పెండ్లే లేదు. పాపం మంచోళ్లు, అందర్ని కూసోవెట్టి సల్ల పోసిన్రు. పిల్లగాడు బాసింగం కట్టుకొని ఎవరిదో అరుగు మీద సల్ల తాగుతుంటే ఇక్కడ ముహూర్తం దాటిపోయింది. అయ్యగారు చాలా సేపు పంచాంగం తిరగేసి ఇంకో గడియ తీసి పెండ్లి చేసిండు.

తెల్లారి చెన్నప్ప నలుగుర్ని ఎంటవెట్టుకొని దుకానంకొచ్చిండు. కుర్చీల కూసున్న ఖాదర్ భాయ్ గిరాకి అనుకొని సంబురపడ్డడంట.

"మైలురాయి మీద నీ పేరెందుకయ్యా? నువ్వేమన్న ఊరివా?" అన్నడు చెన్నప్ప.

అక్కడికి అయిపోలే. రోడ్ల ఇంజినీరు సారు దుకానంకు కాగితం పంపిండు. వారంల రాళ్లన్నీ మునుపటి లెక్క కావాలె, లేకుంటే కేసు. కొత్త బస్టాండు లోపల ఆపా పద్ధతిగ అడిగి పెట్టుకున్న ఒక చిన్న బోర్డుంటే, గా దుకానపోల్ల పేరు ఇగ ఇక్కడ కనవడొద్దని బస్టాండోళ్లు దాన్ని గూడ పీకేసిన్రు. తప్పుడు పని చేస్తే గట్లనే ఉంటది. అది పోయేటప్పుడు ఒక్కటే పోదు, సక్కగ చేసుకున్నదాన్ని గూడ పట్టుకొని పోతది.

ఆపా కాగితం పట్టుకొని పాలమూరొచ్చింది. సేటు ఆ కాగితం సదివి మడతవెట్టి ఆమె చేతులనే పెట్టిండు. "రాసుడు మా పని. రాసినం. రాళ్ల మీద నీ పేరున్నది గని నా పేరున్నదా?"

ఆపా ఆయనతోని కొట్లాడలే. నా దిక్కు మలిగింది. "నువ్వే గదా రాసింది? నీ చెయ్యి మంచిది, అక్షరం సక్కగున్నది. తలకాయ ఏమైంది?"

ఇంత వయసొచ్చింది, ఎందరో తిట్టిన్రు. అంత సక్కటి తిట్టు నాకు మళ్ల ఎవరూ తిట్టలే. సిగ్గుతోని సచ్చిపోయిన. సేటు దగ్గర బ్రష్షులు అప్పజెప్పి తెల్లారి మొదటి బస్సుకు మక్తల్ పోయిన.

బాలప్పకు యాదికున్న అంకెలు

రాళ్లకు తెల్లరంగు ఏసుడు అల్కటి పనే. ఏసినంక మొదటి రాయి ముందల కూసొని బ్రష్షు పట్టుకుంటే అప్పుడు తెలిసింది. దాని మీద మునుపు ఏ ఊరి పేరుండె, ఎంత దూరం ఉండె, నేను ఒక్కటి గూడ రాసుకోలే. నా అక్షరం అందం సూసుకునుడే గాని కింద ఏమున్నదో సదివిన పాపాన పోలే. పెయింటర్లకు ఈ రోగం ఉంటది. గోడ కనవడ్తది, గోడ మీదున్నది కనవడదు.

రోడ్డు గ్యాంగు మేస్త్రి బాలప్ప నన్ను కాపాడిండు. ఇరవై ఏండ్లు ఆ సడక్ మీద తట్టలు మోయించిన ముసలాయన. ఇంజినీరు సారు ఆయన్ను నాకు తోడిచ్చిండు. బాలప్పకు అంకెలు బడిల లెక్క యాదికి లేవు. "గిక్కడ నాకు తాచుపాము ఎదురొచ్చింది, గిది పద్నాలుగు. గీ రాయి కాడ కూసొని సద్ది తింటం, గిది తొమ్మిది." గట్ల చెప్పుకుంట నడుస్తడు, నేను రాసుకుంట నడుస్త. నాలుగు దినాలు పట్టింది. ఇంజినీరు సారు తర్వాత పెద్దాఫీసు కెల్లి పటం తెప్పించి సూస్తే ఒక్కటి గూడ తప్పు పోలే.

ఆఖరి రాయి కాడ బాలప్ప బీడీ ముట్టించి అన్నడు. "పేరు రాసేది ఊరోళ్ల కోసం గాదు గదయ్యా. తెల్వనోని కోసం. వాడు ఏం ఎతుకుతున్నడో సూసి రాయాలె."

పబ్లిసిటీ గురించి నాకు ఎవరన్న పాఠం చెప్పిన్రంటే గదొక్కటే. చెప్పిన మనిషికి పబ్లిసిటీ అన్న మాట తెల్వది.

చాయ్ కొట్టు కాడ

రాళ్లు సక్కగైనంక నేను ఇంటికి పోలే. కొత్త బస్టాండు గేటు బయట ఒక చాయ్ కొట్టుంటే ఆడ మూడు దినాలు కూసున్న. బస్సు మీది కెల్లి మోటర్లు దించుతున్నరు, గోనెసంచుల చుట్టుకొని ఇద్దరిద్దరు మోసుకొస్తున్నరు. చెవులిచ్చి విన్న. ఎలక్ట్రికల్స్ అన్నోడు ఒక్కడు లేడు. వైండింగ్ అన్నోడు గూడ లేడు. అందరూ అడిగేది ఒక్కటే మాట, "మోటరు కాలింది, కట్టేటోళ్లు యాడున్నరు?" అడిగేది గూడ ఒక్కన్నే, చాయ్ కొట్టాయన్ను. ఆయనకు తెల్వక నారాయణపేట బస్సు సూపిస్తుండె.

ఆపా దగ్గరికి పోయి చెప్పిన. "ఆపా, నేను గ్యారంటీ ఇయ్యలేను. చాయ్ కొట్టు గోడ మీద ఒక్క బోర్డు రాస్త. అడిగేటోనికి తొవ్వ కనవడ్తది. అంత వరకే నా చేతులున్నది. కాగితం మాత్రం ఖాదర్ భాయ్ పేరు మీద రాపిస్త."

"మొదటనే గిట్ల మాట్లాడితే అయిపోతుండె గదా" అని ఆమె మళ్ల తీగ చుట్టుడుల పడింది. అంటే రాయమన్నట్టే.

సదువు రానోళ్ల కోసం పొగలు వస్తున్న మోటరు బొమ్మ గీసిన. కింద "మోటరు కాలిందా?" అని తెలుగుల, ఉర్దూల, అటు దిక్కు పల్లెలకెల్లి వచ్చేటోళ్ల కోసం కన్నడంల రాసిన. కన్నడం ఒక కండక్టర్ కాగితం మీద రాసిస్తే అచ్చు దించిన. దాని కింద తొవ్వ రాసిన: పాత బస్టాండు ఎనుక గల్లీ, పిండి గిర్ని పక్కన. దుకానం పేరు అడుగున చిన్నగ రాసిన, ఆ పేరు మీద జనానికి ఇంక కోపం పోలే గదా.

మోటరు వాసన

పదిహేను దినాలల్ల రెండే మోటర్లొచ్చినయి. ఎండలు ముదురుతున్నయి. ఆపా అన్న రాయచూరు కెల్లి ఉత్తరం రాసిండు, ఎప్పుడొస్తున్నరని. ఖాదర్ భాయ్ ఆ ఉత్తరం కుర్చీ కింద పెట్టుకున్నడు. నేను దుకానం తలుపులకు రంగేస్తుంటే గల్లీల ఎడ్లబండి ఆగింది. బండిల మోటరు, బండి తోలేది చెన్నప్ప.

మీదికి సూసి పేరు సదివిండు. మొకం మాడిపోయింది. "చాయ్ కొట్టాయన పొమ్మంటే, గీ గల్లీల ఇంకో దుకానం గూడ ఉన్నదనుకొని వచ్చిన. గీ దుకానమని తెలిస్తే రాకపోతుంటి."

"వచ్చినవు గదా, దించు" అన్నడు ఖాదర్ భాయ్.

చెన్నప్పకు వేరే గతి లేకుండె. పల్లిచేను ఎండుతుంది. వాళ్ల దిక్కు మెకానిక్ ఒకడు, మొత్తం కాలింది, లోపల తీగంత పీకి కొత్తది చుట్టాలె, వారం పడ్తదన్నడంట. "స్విచ్చేస్తే గుయ్యిమంటది, తిరుగదు" అన్నడు చెన్నప్ప.

ఆపా మోటరు ముందల కూసొని మూత ఇప్పి వాసన సూసింది. కాలిన తీగకు ఒక మాడు వాసనుంటది, దాచినా దాగది. నేను బ్రష్షు పట్టుకొని నిలవడ్డ. నా మనసుల ఏమనుకున్ననో దాచకుండ రాస్త. కాలిందని చెప్పు ఆపా, అనుకున్న. వేరే మెకానిక్ ముందే చెప్పిండు, ఇతను నమ్మి వచ్చిండు, ఎవరికి తెలుస్తది? నీ దుకానం నిలవడ్తది. పైగ ఇతను మీ దుకానం మీదికొచ్చి తిట్టినోడు.

"కాలలేదు" అన్నది ఆపా.

చెన్నప్పకు అర్థం గాలే. ఆమె ఏలుతోని సూపించింది. లోపలికి కరెంటు తెచ్చే మూడు తీగలల్ల ఒకదాన్ని ఎలుక కొరికింది. ఆమె ఆ తీగ కోసి, గీకి, కలిపి, టేపు చుట్టింది. ఖాదర్ భాయ్ తెప్పించిన చాయ్ చెన్నప్ప తాగి గ్లాసు కింద పెట్టేలోపల మోటరు తిరుగుతుంది.

"ఎంతియ్యాలె?"

"దీనికేం తీసుకుంట. ఎలుకల మందు కొనుక్కో."

చెన్నప్ప మోటరు బండిల పెట్టుకున్నడు గని బండెక్కలే. ఎడ్ల పగ్గాలు చేతులట్టుకొని మళ్ల కుర్చీ దిక్కు మలిగిండు. "మా పిల్ల అత్తగారింట్ల మంచిగనే ఉన్నది" అన్నడు ఖాదర్ భాయ్‌తోని. "రెండో గడియనే మంచిదైందంటున్నరు."

ఆ వారం దాటక ముందే బండ్లు మొదలైనయి. ముందుగాల చెన్నప్ప ఊరియి, తర్వాత చుట్టుపక్కల ఊర్లయి. కాలినయి, కాలనియి, అన్నీ వచ్చినయి. దిగినోడల్లా ఒక్కటే మాట, "కాలకపోతే కాలలేదని చెప్తదంట గదా, గా బీ దుకానమేనా?" ఎండకాలం గడిచింది. రాయచూరు ఉత్తరానికి ఖాదర్ భాయ్ ఎడమచేత్తోని జవాబు రాసిండు, తీరిక లేదు అని.

సునీతకు నేను చెప్పింది

ఆ తర్వాత నేను పాలమూరుల సొంతంగ పని పెట్టుకున్న. ఎవరొచ్చినా ముందుగాల ఒక దినం వాళ్ల దుకానం ముందల కూసునేది. ఒక్కోపారి బోర్డే అక్కర లేకుండె. ఒకాయనకు మెట్ల మీద దీపం పెట్టుకో చాలన్న, ఇంకొకాయనకు తూకం సక్కగ పెట్టు అన్న. రెండో ఆయన నన్ను మళ్ల పిలువలే. పోనియ్యి.

సునీతకు గదే చెప్పిన, దుకానాలోళ్లకు గిట్ల చెప్పు అని. నీకు ఇది అక్కర లేదు అని ఎన్నడన్న ఒక్కసారి చెప్పినోన్ని నమ్ముమను. మీ గిరాకి ఏమని అడుగుతడు అని ముందుగాల అడిగినోన్ని నమ్ముమను. ఫస్టు అని ప్రమాణం చేసేటోన్ని, ఏం చేస్తవంటే దాచేటోన్ని నమ్మొద్దను. వాడు రాసేది దుకానపోల్ల పేరు, దెబ్బ పడేది గూడ ఆ పేరు మీదనే. సునీత ఫోన్ల ఏందేందో రాసుకుంది. అంత రాసుకునేదేమున్నదని అడిగితే, "నువ్వు రాళ్ల కాడ రాసుకోలే గదా, నేనన్న రాసుకుంట" అన్నది. నా ఇంటి పిల్లనే, నన్నే అంటది.

పేరు చెరిపిన దినం

తొంభైల నడుమల ఒకసారి మక్తల్ పోయిన. చాయ్ కొట్టు గోడ మీద బోర్డు ఎండకు ఎలిసిపోయింది. నిచ్చెన, రంగులు తీసుకొని పోయి, మళ్ల రాస్త ఆపా అన్న. ఆమెకు అప్పటికి కండ్లద్దాలొచ్చినయి. నాతోని కొత్త బస్టాండు దాక వచ్చి బోర్డు కింద నిలవడి సూసింది.

"పేరు చెరిపెయ్యి" అన్నది.

"దుకానం పేరా?"

"రాయల్ అని ఎవరడుగుతున్నరు? వాళ్లు అడిగే మాటనే రాయి."

నిచ్చెనెక్కిన. నల్లగొండల ఒక గోడ మీద, కింద ఒకాయన నిలవడి సూస్తుంటే ఆయన పేరు చెరిపినోన్ని నేను. మళ్ల గట్లనే ఒక గోడ, కింద ఒకామె నిలవడి సూస్తుంది, చేతుల సున్నం కుంచె. రాయల్ ఎలక్ట్రికల్స్ మీద తెల్లగ ఒక పూత ఏసిన. అది ఆరేదాక చాయ్ తాగినం. ఆరినంక దాని మీద పెద్దగ, తొవ్వ పొంటి కనవడేటట్టు రాసిన: కాలకపోతే కాలలేదని చెప్తం.

పేర్లు రాసి బతికినోన్ని. ఒక దుకానం పేరు సంబరంగ చెరిపింది మాత్రం గా ఒక్క దినమే.